రెండో ఫోను

మార్చి 1, శుక్రవారం

ఈ ఏడాది కూడా మా ఆఫీసులో పనిచేసే ఇస్క్రా గోడ మీద ఆ కాగితం అతికించింది. ఒకటి నుంచి ఇరవై రెండు వరకు తేదీలు, పక్కన ఖాళీ గళ్లు. ఎవరికి నచ్చిన రోజు వాళ్లు ఎంచుకోవాలి. ఆ రోజు వాతావరణం ఎలా ఉంటే ఏడాదంతా వాళ్ల బతుకు అలా ఉంటుందట. ఊళ్లో ముసలమ్మల ఆట ఇది, ఆడుకోనీ. వాతావరణ కార్యాలయంలో డిగ్రీలున్న మనుషులు, ఎదురుగా కంప్యూటర్ గీసిన మోడల్ పటాలు పెట్టుకుని, ఎండ కాసే రోజు వెతుక్కుని ఎంచుకోవడం ఏమిటి? ఇది ఆట కూడా కాదు, దొంగాట.

మా అధికారి తాన్కోవ్ పదహారు ఎంచుకున్నాడు. నాకంటే పన్నెండేళ్లు చిన్నవాడు. రాజధాని నుంచి వచ్చి నాలుగు నెలలైంది, మంచులో ఒక్కసారి కూడా కనుమ దాటలేదు. పదహారు తోదోర్ శనివారం, కనుమకి అవతల గుర్రప్పందేలు జరిగే రోజు. గెలిచినవాళ్లకి బహుమతులు ఇవ్వడానికి తనని పిలిచారట. "నా రోజు ఎండ కాయకపోతే మిమ్మల్నే అడుగుతా నెదెల్యా గారూ," అన్నాడు. నవ్వాలి కాబోలు, నేను నవ్వలేదు.

నాకేమీ వద్దన్నాను. ఇస్క్రా నా పేరు ఇరవై రెండు పక్కన రాసేసింది. "చివర్న ఉంటే మీకు ఎవరి గోలా ఉండదు అక్కా," అని మార్చి ఒకటిన అందరూ కట్టుకునే ఎరుపు తెలుపు దారం నా మణికట్టుకి కట్టింది. దారం మాత్రం కట్టనిచ్చాను.

మార్చి 4, సోమవారం

సంతలో చిక్కుడు గింజలు కొంటున్నాను. అమ్మే ఆవిడ తూకం వేస్తూ, "ఏమ్మా నలభై, మళ్లీ వస్తోందా?" అంది.

రెండేళ్లయింది. రెండేళ్ల కిందట ఫిబ్రవరిలో కనుమ మీద నలభై సెంటీమీటర్ల మంచు పడుతుందని చెప్పాను. రోజంతా రోడ్డు మూసేశారు. మబ్బు దక్షిణానికి జారి గ్రీసులో కురిసింది, మా దగ్గర ఒక్క పలుకు రాలలేదు. అప్పటి నుంచి నా పేరు నలభై. ఇరవై ఆరేళ్లలో నేను సరిగ్గా చెప్పిన రోజులు ఎన్ని ఉన్నాయో, వాటికి ఒక్కదానికీ నాకు ఎవరూ పేరు పెట్టలేదు.

ఈ పేరు పెట్టింది బయటివాళ్లు కూడా కాదు, నా సొంత తమ్ముడు వెలిన్. ఆ రోజు వాడు రెండు గుర్రప్పిల్లల్ని అవతలికి తీసుకెళ్లి అమ్మాల్సింది, కుదరలేదు. కోపంలో సారాకొట్టులో అన్నాడు, ఊరంతా అందుకుంది.

మార్చి 9, శనివారం

వెలిన్ వచ్చాడు. పందేలకి విష్నాని దింపుతాడట. విష్నా వాడి ఆడగుర్రం, ఎర్రటిది, ఏడేళ్లది. పిల్లలు లేని ఇంట్లో అదే పిల్ల. దాని జూలుకి పూసలు అల్లడం గురించి గంటసేపు చెప్పాడు. కళ్లేనికి కూడా ఎరుపు తెలుపు దారం కట్టాడట.

"పదహారున సాయంత్రం ఎన్నింటికి తిరిగొస్తావు?" అన్నాను.

"మొదలైంది," అన్నాడు. "ఇంకా వారముందక్కా. నీ రెండు ఫోన్లూ అప్పుడు చేద్దువు గానిలే."

వాడు కనుమ దాటే ప్రతిసారీ రెండుసార్లు ఫోన్ చేస్తాను. ముందురోజు సాయంత్రం ఒకటి. వెళ్లే రోజు మధ్యాహ్నం, పైకి వదిలిన బెలూన్ లెక్కలు వచ్చాక, రాడార్ చూశాక ఇంకొకటి. ముందురోజు చెప్పింది మర్నాటికి మారిపోవచ్చు కదా, అందుకని రెండోది. పన్నెండేళ్లుగా ఇలాగే చేస్తున్నాను. వాడు ప్రతిసారీ ఒకటే మాట అంటాడు, "రెండోది దేనికక్కా, మొదటిదే నేను వినను."

మార్చి 13, బుధవారం

పటం మీద నుంచి కళ్లు తీయలేకపోతున్నాను. శనివారం పగలు పదమూడు డిగ్రీలు, ఎండ, దక్షిణపు గాలి. కనుమ మీద పాత మంచు కరిగి రోడ్డంతా తడిగా ఉంటుంది. పైన ఐదు కిలోమీటర్ల ఎత్తున మైనస్ ముప్పై రెండు చలి వచ్చి కూర్చుంటోంది. సాయంత్రానికి గాలి ఉత్తరానికి తిరుగుతుంది.

కింద ఈ వెచ్చదనం, పైన ఆ చలి కనుమ దగ్గర కలిస్తే ఏమవుతుందో నేను నాలుగుసార్లు చూశాను. సన్నటి మబ్బు పట్టీ, పది కిలోమీటర్ల వెడల్పు కూడా ఉండదు. గంటసేపు కురుస్తుంది, అంతే. ఆ గంటలో చేయి చాపితే చేయి కనపడదు. అరగంటలో ఎనిమిది డిగ్రీలు పడిపోయి తడి రోడ్డు గడ్డకడుతుంది, దాని మీద మంచు పరుచుకుంటుంది. తర్వాత ఏమీ జరగనట్టు ఆకాశంలో చుక్కలు కనిపిస్తాయి.

ఐదింటికీ ఏడింటికీ మధ్య. సరిగ్గా పందేలు ముగించుకుని జనం కనుమ ఎక్కే వేళ.

మార్చి 14, గురువారం

దీనికి గడి లేదు.

హెచ్చరిక ఫారంలో "ఇరవై నాలుగు గంటల్లో మొత్తం మంచు" అని ఒకటే గడి. పది సెంటీమీటర్లు దాటితే పసుపు రంగు, ఇరవై దాటితే నారింజ. నా లెక్క పద్నాలుగు, అంటే పసుపు. పసుపుకి మంచు తోసే బండ్లు కదలవు. వాటి చలికాలపు ఒప్పందం రేపటితో ముగుస్తుంది, ఆ తర్వాత నారింజ వస్తేనే బయటికి వస్తాయి.

రోజంతా మెల్లగా పద్నాలుగు పడితే పిల్లలు ఆడుకుంటారు. గంటలో పద్నాలుగు పడితే రోడ్డు మీద ఉన్నవాడు ఉన్నచోటే గుడ్డివాడవుతాడు. ఎంత పడుతుందని అడిగే గడి ఉంది, ఎంతసేపట్లో అని అడిగే గడి లేదు. ఈ ఫారం తయారుచేసినవాడు కూర్చున్న గదికి కిటికీ అనేది ఉందో లేదో.

ఎరుపు సిరాతో అంచు మీద రాశాను, "గంటలో" అని. కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు అంచు మీద రాసింది ఎక్కదని ఇస్క్రా చెప్పింది.

మార్చి 15, శుక్రవారం

ముందు ఆఫీసు సంగతి రాస్తాను. వరసగా రాయకపోతే ఈ కలం విరిగేలా ఉంది.

తాన్కోవ్ నా కాగితం పట్టుకుని, "పద్నాలుగు అని ఎవరు చెప్పారండీ?" అన్నాడు.

"నేనే చెప్పాను."

"ఒక మోడల్ నాలుగే అంటోంది."

"ఆ మోడల్‌కి మన కనుమ కొండలా కనపడదండీ, చిన్న గుట్టలా కనపడుతుంది."

"రెండేళ్ల కిందట కూడా ఇంతే గట్టిగా చెప్పారట. నేను లేను లెండి, విన్నాను."

నేను పటం అతని ముందుకి జరిపాను. అతనే మళ్లీ అందుకున్నాడు. "పందేలకి నాలుగువేల మంది వస్తారు నెదెల్యా గారూ. చొక్కాలు విప్పుకుని ఎండలో నిలబడ్డవాళ్లకి మంచు హెచ్చరిక చదివి వినిపిస్తే మనల్ని చూసి నవ్వుతారు."

"ఇంటికి చేరి నవ్వుకుంటారు. నవ్వనివ్వండి."

అతను గోడ మీది కాగితం వైపు వేలు చూపించాడు. "నాకెందుకో మీకు నా పదహారు మీద కోపం అనిపిస్తోంది." ఇస్క్రా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది గాని నవ్వు బయటికి వచ్చేసింది.

నేను రాసింది: శనివారం సాయంత్రం ఐదు నుంచి ఏడు లోపల కనుమ మీద గంటసేపు అతి భారీ మంచు, ముందు ఏమీ కనపడదు, రోడ్డు గడ్డకడుతుంది, నాలుగున్నర తర్వాత ఎవరూ ఎక్కవద్దు. అతను మార్చింది: ఎత్తైన చోట్ల అక్కడక్కడ స్వల్పంగా మంచు జల్లులు పడవచ్చు. రంగు లేదు. కింద సంతకం మాత్రం నాది, ఎందుకంటే డ్యూటీ నాది. సంతకం పెట్టాను. పెట్టకపోతే అసలు ఏ మాటా బయటికి పోదు కదా, ఈ మాత్రమైనా పోనీ అనుకున్నాను.

ఏడింటికి వెలిన్‌కి ఫోన్ చేశాను. సారాకొట్టులో ఉన్నాడు, వెనకాల గోల.

"వినరా, రేపు నాలుగున్నర లోపల కనుమ దాటెయ్. లేదంటే రాత్రికి అవతలే ఉండిపో."

"ఆగక్కా, ఆగు. స్పీకర్లో పెడతా, అందరూ వింటారు." తర్వాత అవతలివాళ్లతో, "ఒరేయ్, నలభై గారు లైన్లోకొచ్చారు. టోపీలు తియ్యండి."

నవ్వులు. ఎవడో బల్ల చరిచాడు.

"చెప్పక్కా, రేపెంత? నలభయ్యా, ఎనభయ్యా?"

"పద్నాలుగు," అన్నాను. పిచ్చిదాన్ని, జవాబు చెప్పాను.

"రేటు తగ్గించింది రోయ్," అన్నాడు నా తమ్ముడు. వాణ్ని నేను ఎత్తుకుని మోశాను. వాడికి తట్టు వచ్చినప్పుడు పదకొండు రోజులు బడి మానేసి పక్కన కూర్చున్నాను. ఊరంతా తాగి నవ్వుతుంటే నా గొంతుని వాళ్ల మధ్య బల్ల మీద పెట్టాడు. ఫోన్ పెట్టేశాను.

మార్చి 16, శనివారం

ఉదయం ఏడు. డ్యూటీ ఎక్కాను. ఆకాశం కడిగినట్టుంది. వెలిన్ భార్య రాదా నిన్న పంపిన రొట్టె తెచ్చుకున్నాను, పండగకి చేసే గుర్రం ఆకారపు రొట్టె, కన్ను ఉండాల్సిన చోట మిరియపు గింజ. తోక తిన్నాను.

ఒకసారి చెప్పాను. వినేవాళ్లకి ఒకసారి చాలు.

మధ్యాహ్నం ఒంటిగంట. బెలూన్ లెక్క వచ్చింది. పైన నేను అనుకున్నదానికంటే ఇంకా రెండు డిగ్రీలు చల్లగా ఉంది.

మూడుంబావు. తాన్కోవ్ ఫోన్ చేశాడు. బహుమతులు ఇచ్చేసి తొందరగా బయల్దేరి కనుమ మీద ఆగాడట. "ఇక్కడ నల్ల కళ్లద్దాలు పెట్టుకుని నిలబడ్డా నెదెల్యా గారూ. మీ మంచు ఎక్కడ?" బెలూన్ లెక్క చెప్పాను. నారింజ రంగు ఇవ్వనివ్వమని అడిగాను, బతిమాలాను అనే రాస్తాను. "సోమవారం మాట్లాడుకుందాం," అన్నాడు. రోడ్ల ఆఫీసుకి ఫోన్ చేశాను. "రంగేంటమ్మా?" "రంగు లేదు." "రంగు లేకపోతే బండి ఎలా తియ్యమంటారు, నిన్నటితో ఒప్పందం అయిపాయె."

నాలుగు. రాడార్ మీద పట్టీ కనిపించింది. నేను గీసిన చోటే.

"మీ తమ్ముడికి చెప్పారా అక్కా?" అంది ఇస్క్రా.

"చెప్పాను," అన్నాను.

ఐదూ ఇరవై అయిదు. కనుమ మీద ప్రయాణికులు తలదాచుకునే విడిది చూసుకునే సాబీ తాత ఫోన్ చేశాడు. "మొదలైందమ్మా. నా గుమ్మం నుంచి రోడ్డు కనపట్టంలా," అన్నాడు.

మార్చి 17, ఆదివారం

యాభై నిమిషాలు కురిసింది. ఐదూ ఇరవై అయిదు నుంచి ఆరూ పదిహేను దాకా. నా రెండు గంటల మధ్యలో ఆ యాభై నిమిషాలు పెట్టి కొలిచినట్టు కూర్చున్నాయి. ఇంత సరిగ్గా నేను జీవితంలో ఎప్పుడూ చెప్పలేదు.

మూడో మలుపు దగ్గర ముందు ఒక బస్సు అడ్డం తిరిగింది. వెనక వచ్చేవాడికి బస్సు కనపడలేదు, వాడి వెనకవాడికి వాడు కనపడలేదు. పదకొండు బండ్లు. తొమ్మిది మంది ఆసుపత్రిలో ఉన్నారు. ఎవరూ చచ్చిపోలేదు, అది మాత్రం రాసుకోవాలి. గుర్రాల ట్రాలీలు మూడు. విష్నా ట్రాలీ ముందుకు దూసుకెళ్లి బస్సుకి గుద్దుకుంది. దాని రెండు ముందుకాళ్లూ విరిగాయి. పశువైద్యుడు రోడ్డు మీదే దాని బాధ తీరే సూది వేశాడు. వెలిన్ దిగి దాని దగ్గరకు పోబోతే వెనక వచ్చిన కారు వాడి ఎడమకాలిని ట్రాలీకి నొక్కేసింది. మోకాలు నలిగిపోయింది. రాత్రంతా కోశారు, కుట్టారు. కాలు ఉంటుందో తీసేయాలో రెండు రోజుల్లో చెబుతామంటున్నారు.

శుక్రవారమే చెప్పాను. నాలుగున్నర లోపల దాటమన్నాను.

తాన్కోవ్‌కి చెప్పాను. కాగితం మీద రాసి చెప్పాను. రోడ్లవాళ్లకి చెప్పాను. వెలిన్‌కి శుక్రవారమే చెప్పాను, పదిమంది వినగా చెప్పాను, ఆ పదిమందినీ వాడే సాక్ష్యానికి పిలిచాడు. నా మాట మార్చినవాడు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ఇల్లు చేరాడు. నా మాట విని నవ్వినవాళ్లు రోడ్డు మీద పడ్డారు. ఇంకెవరికి చెప్పాలి? కొండెక్కి గంట కొట్టాలా?

ఆసుపత్రి బయట బెంచీ మీద రాదా పక్కన కూర్చున్నాను. ఆ పిల్ల చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి ఉంది. అందులో విష్నా కళ్లెం, దానికి కట్టిన ఎరుపు తెలుపు దారం. నన్ను ఏమీ అడగలేదు. అడగడానికి ఏముంది, శుక్రవారమే చెప్పాను.

మార్చి 18, సోమవారం

రెండు సెంటీమీటర్లు.

కనుమ మీద మాకు ఒక కొలత పలక ఉంది. రోడ్ల మనిషి ఉదయం ఏడింటికి దాని మీద ఎంత మంచు ఉందో చూసి పంపుతాడు, అదే ముందురోజు లెక్క. శనివారం రాత్రి మంచు ఆగాక గాలి లేచి తెల్లవార్లూ వీచింది. పలకని ఊడ్చేసింది. ఏడింటికి రెండు ఉంది. కాబట్టి శనివారం కనుమ మీద పడ్డది రెండు సెంటీమీటర్లు. పదకొండు బండ్లు రెండు సెంటీమీటర్లలో గుద్దుకున్నాయి.

తాన్కోవ్ నివేదిక టైపు చేయించి తెచ్చాడు. "చూడండి, 'స్వల్పంగా మంచు జల్లులు'. రెండు సెంటీమీటర్లు అంటే స్వల్పమే కదా. మనం చెప్పింది సరిపోయింది. అతివేగం వల్ల ప్రమాదం. మీరొక సంతకం పెడితే పంపేస్తాను."

"సాబీ తాత శనివారం ఆరున్నరకి, గాలి లేవకముందే కొలిచాడు. తన గుమ్మం ముందు బల్ల మీద పద్నాలుగు. పుస్తకంలో రాసుకున్నాడు."

"ఆయన మన పరిశీలకుడు కాదు. అది మన పలక కాదు."

"మంచు మాత్రం అందరిదీ అదేనండీ."

అప్పుడు గొంతు తగ్గించాడు. "ఒకటి ఆలోచించండి. ఆ వాక్యం కింద సంతకం మీది. వాక్యం తప్పైతే తప్పు మీది. వాక్యం ఒప్పైతే అందరం ఒప్పే. మీ మంచికే చెబుతున్నాను."

నా మంచికట. నా నోట్లో తన మాట కుక్కి, అది నా మాటే అని నాకే చూపిస్తున్నాడు. కాగితం వెనక్కి తోశాను. శుక్రవారం దాని మీద సంతకం పెట్టిన ఈ చేతిని ఏం చేయాలో తెలియడం లేదు.

మార్చి 19, మంగళవారం

కాలు ఉంటుంది. మోకాలు మాత్రం ఇక వంగదు. గుర్రం ఎక్కడం అయిపోయింది.

లోపలికి వెళ్లేముందు ఏమేం అనాలో వరసగా అనుకున్నాను. స్పీకర్ గురించి, టోపీల గురించి, రేటు తగ్గించడం గురించి. తప్పయిందక్కా అంటాడని, అప్పుడు నేను కాసేపు మాట్లాడకుండా కూర్చుని తర్వాత క్షమిస్తానని కూడా అనుకున్నాను. ఇది ఎవరికీ చెప్పుకునేది కాదు, ఇక్కడ రాస్తున్నాను.

వాడు పైకప్పు చూస్తూ పడుకున్నాడు. గడ్డం పెరిగి నాన్నలా ఉన్నాడు.

"పోయిందక్కా," అన్నాడు.

"తెలుసురా."

"నన్నే చూస్తూ పోయింది."

నేను వాడి చెయ్యి పట్టుకున్నాను. వాడే మళ్లీ అందుకున్నాడు.

"నాలుగు కొట్టాక అందరూ నా చుట్టూ చేరారు. ఏరా, మీ అక్క ఏమంది, గుర్రాల్ని ట్రాలీ ఎక్కిద్దామా వద్దా అని. నేనన్నా, నిన్న చెప్పింది గానీ ఇవాళ మళ్లీ చెయ్యలేదు, అంటే తప్పిపోయినట్టే, ఎక్కించండిరా అన్నా."

నాకు అర్థం కాలేదు. "ఏం తప్పిపోయింది?" అన్నాను.

"మంచు. మంచు ఖాయమైతే నువ్వు రెండోది మానవుగా. పన్నెండేళ్లలో ఒక్కసారీ మానలేదుగా. మొదటి ఫోన్ మేం లెక్కపెట్టం అక్కా, దానికి నవ్వుతాం. రెండోదాంట్లో కూడా వద్దంటే ఒక్కడు కూడా కనుమెక్కడు. నీకు తెలీదా?"

"ఎవరు?"

"ఎవరేంటి, అందరూ. గుర్రాలోళ్లు, లారీలోళ్లు. మధ్యాహ్నం నాకు ఫోన్ చేసి అడుగుతారు, నలభై ఇవాళ మళ్లీ చేసిందా, ఏమంది అని. మొన్నా నేను ఫోన్ చేతిలో పట్టుకునే తిరిగా." కళ్లు తిప్పి నా వైపు చూశాడు. "చెయ్యకపోయేసరికి సంతోషపడ్డా కూడా. రాత్రి మరీ ఎక్కువ ఏడిపించా కదా, పాపం ఈసారి కూడా తప్పిందే, రేపెళ్లి బతిమాలుకోవాలి అనుకున్నా."

నర్సు వచ్చింది. నేను బయటికి వచ్చేశాను.

మార్చి 20, బుధవారం

ఇవాళ ఏమీ రాయను.

మార్చి 21, గురువారం

శనివారం పేజీలో మూడుంబావుకీ నాలుగుకీ మధ్య ఏమీ రాయలేదు. రాస్తాను.

మూడూ నలభై. రోడ్ల ఆఫీసు వాడితో మాట్లాడటం అయిపోయింది. ఇస్క్రా కాఫీ తేవడానికి కిందికి వెళ్లింది. నేను ఫోన్ తీసి వెలిన్ పేరు దాకా వెళ్లి, దాని మీద వేలు పెట్టాను. నొక్కలేదు. ఎత్తగానే మళ్లీ స్పీకర్లో పెడతాడు, పందెం మైదానం అంతా టోపీలు తీస్తుంది అనుకున్నాను. ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టాను.

అంతే అయితే సిగ్గుపడ్డాను, భయపడ్డాను అని రాసి వదిలేసేదాన్ని. అంతే కాదు. పడనీ అనుకున్నాను. వాడి బండి అద్దం మీద, వాడి టోపీ మీద, ఆ బల్ల చరిచినవాడి నెత్తి మీద పడనీ, రాత్రంతా రోడ్డు మీద కూర్చుని వణకనీ, తెల్లారి వచ్చి నువ్వు చెప్పిందే నిజమక్కా అననీ అనుకున్నాను. రాడార్ మీద పట్టీ కనపడగానే నాకు సంతోషం వేసింది. అది దాచుకోవడానికి పటం మీదకి వంగాను.

విష్నా గుర్తు రాలేదు. ఆ బస్సులో మనుషులు ఉంటారని గుర్తు రాలేదు. ఇరవై ఆరేళ్లుగా ఎవరి కోసం లెక్కలు వేస్తున్నానో ఆ ఒక్క నిమిషం వాళ్లలో ఒక్కరూ గుర్తు రాలేదు. నా గెలుపు ఒక్కటే గుర్తుంది.

మనిషి మీద ఇంత కోపం ఎలా వస్తుందో అనుకునేదాన్ని తాన్కోవ్‌ని చూసి. ఇప్పుడు అద్దంలో చూసుకున్నా వస్తోంది.

నివేదిక నేనే రాశాను, మూడు పేజీలు. నా మొదటి వాక్యం, దాన్ని మార్చినవారి పేరు, మార్చిన సమయం. సాబీ తాత పద్నాలుగు, ఆయన పుస్తకం పేజీకి తీసిన ఫోటో. ఏడింటి కొలత గాలికి ఎందుకు పనికిరాదో. ఫారంలో లేని గడి. మార్చిన వాక్యం కింద నేను సంతకం పెట్టానని. చివర్న ఇంకో వాక్యం: మూడు నలభైకి ప్రమాదం ఖాయమని తెలిసి కూడా, ప్రతిసారీ చేసే రెండో ఫోను వ్యక్తిగత కోపంతో చేయలేదు, దాని మీద ఆధారపడేవాళ్లున్నారు. సంతకం. నకలు రాజధానికి పంపించేశాను.

మార్చి 22, శుక్రవారం

నా రోజు. పొద్దున్నుంచీ ఎండ, ఆకాశంలో మబ్బు తునక లేదు. "మీకు ఏడాదంతా ఇలాగే అక్కా," అంది ఇస్క్రా. ఆ పిల్ల తప్పేం లేదు. కాగితం మాత్రం గోడ మీద నుంచి చింపేశాను.

తాన్కోవ్ తలుపు వేసి కూర్చోబెట్టాడు. చివరి వాక్యం మీద వేలు పెట్టి, "ఇదెందుకు రాశారు? ఎవరూ అడగలేదే," అన్నాడు. తర్వాత ముఖం కొంచెం తేటపడింది. "అయినా రాశారు కాబట్టి విషయం తేలిపోయింది. సమాచారం అందించాల్సిన మనిషే అందించలేదు."

"ఆ వాక్యం నాది," అన్నాను. "పైన రెండు పేజీలు మీవి. నాది అడ్డం పెట్టుకుని మీది దాచుకోవాలని చూస్తే ఊరుకోను. నాది నేను మోస్తాను, మీది మీరు మోయండి."

గట్టిగానే అన్నట్టున్నాను. నేను బయటికి వచ్చేసరికి పక్క గదుల్లోవాళ్లు తలుపుల దగ్గర నిలబడి ఉన్నారు. విచారణ ఉంటుందట. ఉండనీ.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్లాను. రాదా దుస్తులు తేవడానికి ఊరికి పోయింది, వాడు ఒక్కడే ఉన్నాడు. నిలబడే చెప్పాను, కూర్చుంటే చెప్పలేనని.

"శనివారం నేను మర్చిపోలేదురా. మంచు తప్పిపోలేదు కూడా. వస్తుందని తెలుసు. ఫోన్ తీశాను. నీ మీద కోపంతో పెట్టేశాను."

వాడు చాలాసేపు దుప్పటి అంచు వేళ్లతో మడతపెట్టాడు, విప్పాడు.

"ఎన్నింటికి?" అన్నాడు.

"మూడూ నలభైకి."

లెక్క వేసుకుంటున్నట్టు కళ్లు మూసుకున్నాడు. "అప్పటికి ఇంకా ఎక్కించలేదు," అన్నాడు. "కంచె పక్కన గడ్డి మేస్తోంది."

తిట్టలేదు. తిడితే బాగుండేది. గోడ వైపు తిరగబోయాడు, కాలు తిరగనివ్వలేదు, అలాగే పైకప్పు చూస్తూ ఉండిపోయాడు. నేను బల్ల మీద గ్లాసు కడిగి నీళ్లు పోసి పెట్టాను. వెళ్దామని కోటు వేసుకుంటుంటే వెనక నుంచి గొంతు వచ్చింది.

"రేపు రాదా వాళ్ల అన్నయ్య అవతల్నుంచి వస్తున్నాడు. సాయంత్రం నాలుగింటికి ఎక్కుతాడు. దారెలా ఉంటుంది?"

"బాగుంటుంది. గాలి కొంచెం ఉంటుంది, అంతే."

"ఇది మొదటిదేగా," అన్నాడు, నా వైపు చూడకుండా.

"మధ్యాహ్నం మళ్లీ చేస్తాను."

ఇంటికి వచ్చి పటం మళ్లీ తీశాను. రేపు కనుమ మీద మబ్బు కూడా లేదు. అయినా ఒంటిగంటకి బెలూన్ లెక్క రాగానే చెయ్యాలి.